తాళాల వార్డులో కోపానికి పాఠాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కోపం గురించే. ఎండల ప్రభావమేమో అనుకున్నాను. ఆదోని నుంచి వచ్చిన ఉత్తరం చదివాక మాత్రం దానికే ఎక్కువ చోటు ఇవ్వాలనిపించింది. కొత్త పాఠకుల కోసం ఒక మాట: అనంతపురంలో ప్రాక్టీసు పెట్టకముందు నేను కొన్నేళ్లు ఒక ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో, కోర్టులు పంపిన రోగులుండే తాళాల వార్డులో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేశాను. కింద ప్రస్తావించే రోగుల ఆనవాళ్లన్నీ మార్చేశాను.

ప్రశ్న: మేడమ్, మాది ఆదోని దగ్గర పల్లె. మా తమ్మునికి చాలా ఏళ్లుగా స్కిజోఫ్రీనియా. బాగున్నాను కదా అని మందులు ఆపేసినాడు. పొలం గట్టు దగ్గర మా చిన్నాయన కొడుకుతో మాటా మాటా పెరిగి పారతో కొట్టినాడు. దేవుని దయ, ఆయన బతికినాడు. కానీ ఒక చెయ్యి ఇప్పటికీ సరిగా లేవదు. కేసయింది. జైల్లో వాని పరిస్థితి చూసి మానసిక ఆసుపత్రికి పంపినారు. ఇప్పుడు మందులు సరిగా వేసుకుంటున్నాడు, చెవిలో మాటలు వినపడటం కూడా తగ్గిందంట. మొన్న చూసేదానికి పోతే, వారానికోసారి యాంగర్ మేనేజ్‌మెంట్ సెషన్లు మొదలుపెడతామని చెప్పినారు. జబ్బుతో కొట్టినాడు అని వాళ్లే రాసినారు కదా, మళ్లీ కోపానికి పాఠాలెందుకు? మాటలతో కోపం పోతుందా? ఇంటికి వస్తే మళ్లీ కొడతాడేమోనని మా అమ్మకు నిద్ర లేదు. చిన్నాయన వాళ్ల ఇల్లు మా ఇంటికి ఎదురుగానే ఉంది.
– ఒక అక్క, ఆదోని

జవాబు: అమ్మా, జబ్బు వల్ల కొట్టాడా, కోపంతో కొట్టాడా అని తేల్చడం కోర్టుకు అవసరం. వైద్యం చేసేవాళ్లకు అంత అవసరం లేదు. మీ తమ్ముడి విషయంలో రెండూ పెనవేసుకుని ఉన్నట్టున్నాయి. ‘వీడు నన్ను చంపాలని చూస్తున్నాడు’ అని జబ్బు చెప్పి ఉండొచ్చు. కానీ గట్టు తగాదా జబ్బు పుట్టించింది కాదు కదా. అది మీ రెండిళ్ల మధ్యా ఎప్పటినుంచో ఉన్నదే. మందు మొదటిదాన్ని తగ్గిస్తుంది. రెండోది మందుకు లొంగదు. చెవిలో మాటలు ఆగిపోయినా, ఎవరైనా ఎదురొస్తే పిడికిలి బిగిసే అలవాటు ఒంట్లో మిగిలే ఉంటుంది. సెషన్లు దాని కోసం. మందులు పనిచేయడం మొదలయ్యాకే వీటిని పెట్టారంటే అక్కడి వాళ్లకు పని తెలుసన్నమాట. అనుమానాలు ముదిరి ఉన్న రోజుల్లో ఈ పాఠాలు తలకెక్కవు, ఒక్కోసారి బెడిసికొడతాయి కూడా.

ఇంకో మాట మీ అమ్మగారికి చదివి వినిపించండి. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఎవరి మీదా చెయ్యి చేసుకోరు. ఊళ్లో దెబ్బలు తినేది తరచుగా వాళ్లే. మందులు మానెయ్యడం, దానికి తోడు సారా, గంజాయి – ఇవి కలిసినప్పుడు ప్రమాదం బాగా పెరుగుతుంది. మీ ఉత్తరంలో మందులు ఆపిన సంగతి ఉంది, తాగుడు ఊసు లేదు. నిజంగానే లేదా, రాయడానికి మొహమాటపడ్డారా? అక్కడి సైకాలజిస్టు దగ్గర మాత్రం దాచకండి.

ఇక ఈ వైద్యం సంగతి. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన రేమండ్ నొవాకో అనే సైకాలజిస్టు 1975లో కోపాన్ని అదుపు చేసుకునే పద్ధతి మీద పుస్తకం రాశాడు. డొనాల్డ్ మైకెన్‌బామ్ అనే మరో సైకాలజిస్టు టెన్షన్ తట్టుకోవడానికి తయారుచేసిన పద్ధతిని ఆయన కోపానికి మలిచాడు. టీకా వేసినట్టు, మనిషి భరించగలిగిన చిన్న మోతాదులో కోపం తెప్పించి, దాన్ని దించుకోవడం నేర్పుతారు. మోతాదు మెల్లగా పెంచుతారు. మొదట్లో ఇది మామూలు మనుషుల కోసమే. తర్వాత నేరం చేసి ఆసుపత్రిలో ఉన్న రోగులకూ, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకూ సరిపోయేలా మార్చారు. ఇంగ్లండులో జాన్ టేలర్ అనే సైకాలజిస్టుతో కలిసి నొవాకో చేసిన పద్ధతిలో మొత్తం 18 సెషన్లు. అందులో మొదటి 6 ఉత్త తయారీకే.

తయారీకే ఆరెందుకు అంటారేమో. తాళాల వార్డులో ఎవరిని అడిగినా మొదటి మాట ఒకటే: ‘నాకు కోపమేం లేదు మేడమ్, వాళ్లే రెచ్చగొడతారు.’ ఆ మనిషికి కోపం అప్పటిదాకా పనికొచ్చింది. జైల్లో బీడీ ఎవరూ లాక్కోకుండా కాపాడింది. ఊళ్లో నలుగురూ పక్కకు తప్పుకునేలా చేసింది. దాన్ని వదులుకో అని నేనెవరిని చెప్పడానికి? అందుకే ముందు లెక్క వేయిస్తాం. కోపం నీకు ఏమిచ్చింది, ఏం తీసుకుపోయింది? భార్య, పొలం, కూతురి పెళ్లి చూడటం, ఇలా ఒక్కొక్కటీ ఆయన నోటితోనే రావాలి. మేం చెబితే చెవికెక్కదు.

తర్వాత డైరీ. ఎప్పుడు, ఎవరితో, ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది, మనసులో ఏ మాట వచ్చింది, సున్నా నుంచి పది దాకా కోపం ఎంత, చివరికి ఏం చేశావు. చదువు రానివాళ్లకు డ్యూటీ నర్సు రాసిపెట్టేది. ఆ డైరీల్లోంచే మెట్ల జాబితా తయారవుతుంది. కింది మెట్టు మీద ‘టీవీ చానల్ మార్చేశారు’ లాంటివి, మధ్యలో ‘అడిగితే రేపు చూద్దాం అన్నారు’, ‘కోర్టు వాయిదా పడింది’, పైమెట్టు మీద కేసుకు కారణమైన మనిషి. మీ తమ్ముడి జాబితాలో పైన ఎవరుంటారో మీకు తెలుసు.

ఇది చదివితే ఏదో పుస్తకాల వ్యవహారంలా కనిపిస్తుంది కాబట్టి ఒకాయన సంగతి చెబుతాను. మధ్యాహ్నం భోజనాల క్యూలో తరచూ గొడవ పెట్టుకునేవాడు. వడ్డించే అతను తనకొక్కడికే పైపైన ముంచి నీళ్ల సాంబారు పోస్తాడనీ, ముక్కలన్నీ వెనకవాళ్లకు వేస్తాడనీ ఆరోపణ. ఒకసారి స్టీలు ప్లేటు విసిరాడు కూడా. సాంబారు మెట్టుకు వచ్చిన రోజు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాను. ‘క్యూలో నీ వంతు వచ్చింది. గరిటె గిన్నెలోకి పోయింది. పైపైనే ముంచాడు. నీ ప్లేట్లో పోశాడు. ముక్క లేదు.’ ఆయన దవడ బిగిసింది. కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ల కిందికి దూరింది. అది ఆయనకు తెలియదు, నేను చెప్పేదాకా. ‘ఎంతుంది?’ ‘ఏడు.’ ‘భుజాలు కిందికి వదులు. ఊపిరి లోపలికి తీసుకున్నదానికంటే మెల్లగా బయటికి వదులు. గరిటె మాత్రం కళ్ల ముందే ఉండనీ.’ నాలుగుకు దిగేదాకా ఆ క్యూలోనే నిలబెట్టాను.

కోపం దిగాకే ఆలోచన జోలికి వెళ్లాలి. ఏడు మీదున్న మనిషితో తర్కం పనికిరాదు. ‘వాడు కావాలనే చేశాడు’ అన్న మాట పక్కన ఇంకో మాట ఏదైనా పెట్టగలవా అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, ‘అడుగున ఎంత మిగిలిందో వానికీ తెలీదేమో’ అన్నాడు. ఆ తర్వాతి భాగం నటన. గరిటె నేను పట్టుకున్నాను. ఆయన ప్లేటు చాపి ‘అన్నా, అడుగు నుంచి కలిపి ఒక గరిటె వెయ్యన్నా’ అనాలి. వాక్యం చిన్నదే. ‘అన్నా’ అన్న మాట గొంతు దాటడానికే వారాలు పట్టింది. నిజం క్యూలో ఆ మాట అన్న రోజున నర్సు వచ్చి నాకు చెప్పి నవ్వింది. ఈలోగా నేను వంటవాళ్లతో కూడా మాట్లాడాను, కలిపి వడ్డించండి బాబూ అని. ఎందుకంటే ఆయన ఆరోపణలో కొంత నిజముంది.

మాటలతో కోపం పోతుందా అన్నారు. పోదు. పోనక్కర్లేదు. కోపం రావడానికీ చెయ్యి లేవడానికీ మధ్య కాస్త వ్యవధి దొరికితే చాలు, మిగతాది ఆ వ్యవధిలో మనిషి చూసుకుంటాడు. ఇంగ్లండులోని ఒక ఆసుపత్రిలో నొవాకో, టేలర్ 50 మంది రోగుల రికార్డులు పరిశీలించి, చికిత్స తర్వాతి ఏడాదిలో కొట్లాటలు సగానికి పైగా తగ్గాయని 2015లో ప్రచురించారు. అందరూ బుద్ధిమాంద్యం ఉండి నేరాల వల్ల అక్కడికి వచ్చినవాళ్లే. అయితే పోల్చి చూడటానికి చికిత్స తీసుకోని గుంపు ఆ అధ్యయనంలో లేదు, కాబట్టి మొత్తం ఘనత సెషన్లదే అనడానికి లేదు. ఉపయోగం ఉంది, గ్యారంటీ లేదు. ఎవరైనా మీకు గ్యారంటీ ఇస్తే ఆ మనిషిని నమ్మకండి.

ఇప్పుడు మీ వైపు పని. ఒకటి, ఆ సైకాలజిస్టుకు ఇంటి సంగతులు రాసి ఇవ్వండి. వార్డులో గట్టు ఉండదు, ఎదురింటి చిన్నాయన ఉండడు. అవి సెషన్లోకి రావాలంటే మీరే తేవాలి. డిశ్చార్జికి ముందు మిమ్మల్నీ కూర్చోబెట్టి మాట్లాడమని అడగండి. రెండు, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది: మీ తమ్ముడు రాకముందే మండల సర్వేయరుకు అర్జీ పెట్టి, రెండిళ్ల పెద్దల ఎదుట ఆ గట్టు కొలిపించి రాళ్లు పాతించండి. ఇది సైకాలజిస్టు చెప్పే మాటేనా అని నవ్వుకోకండి. పైమెట్టును కిందికి దించడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు కనిపించడం లేదు. చెయ్యి దెబ్బతిన్న మనిషి కోపం కూడా కోపమే. ఆయన వైద్యం ఖర్చు ఎవరు పెట్టుకున్నారు, మీ ఇంటి నుంచి ఎవరైనా వెళ్లి పలకరించారా? మీరు రాయలేదు. వెళ్లకపోతే వెళ్లండి.

మూడు, మందులు. రోజూ మాత్రలు మింగించడం కష్టమైతే కొన్ని వారాలకోసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. ఆయనకు సరిపోతాయేమో డాక్టరును అడగండి. ఇంటికి వచ్చాక కర్నూలు పెద్దాసుపత్రి మానసిక విభాగంలో చూపించుకునేలా కాగితాలన్నీ వెంట తెచ్చుకోండి.

కేసు గురించి మీరు అడగలేదు గానీ రెండు ముక్కలు. విచారణలో తన తరఫున చెప్పుకోలేని స్థితిలో ఉన్నాడని పంపి ఉంటే, కోలుకున్నాక కేసు మళ్లీ మొదలవుతుంది. ఆ పని చేసేటప్పుడు తానేం చేస్తున్నాడో, అది తప్పో కాదో తెలిసే స్థితిలో లేడని కోర్టు తేలిస్తే నిర్దోషి అవుతాడు. అలా తేలినా నేరుగా ఇంటికి పంపరు. సురక్షితమైన చోట ఉంచమనైనా అంటారు, పూచీ ఇచ్చే బంధువుకైనా అప్పగిస్తారు. మీ కేసు ఇందులో ఏదో జిల్లా న్యాయసేవాధికార సంస్థ వకీలును అడగండి. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆ సహాయం ఉచితం.

ప్రశ్న: నేను లా చదువుతున్నాను. మనిషిని లోపల పెట్టి, తాళం వేసి, ఎప్పుడు వదులుతారో చెప్పకుండా, పైగా కోపం తెచ్చుకోకూడదని క్లాసులు పీకడం అన్యాయం కాదా? క్లాసులకు వస్తే రిపోర్టు బాగా రాస్తారన్న ఆశతో ఒప్పుకుంటే అది నిజమైన ఒప్పుకోలేనా?
– ప్రొద్దుటూరు పాఠకుడు

జవాబు: తమ్ముడూ, సగం నీ పక్షమే నేను. ‘రేపు చూద్దాం’ అనే మాట నెలల తరబడి విన్నవాడికి కోపం రాకపోతేనే నేను కంగారుపడతాను. ఇంటికి ఫోను చేయనివ్వకపోతే వచ్చే కోపానికి విరుగుడు ఊపిరి కసరత్తు కాదు, ఫోను.

లా చదువుతున్నావు కాబట్టి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 తీసి చూడు. అమల్లోకి వచ్చింది 2018 మేలో. చూడటానికి వచ్చేవాళ్లను కలవడం, ఫోను మాట్లాడటం రోగి హక్కని 26వ సెక్షన్ చెబుతుంది. గొలుసులతో కట్టడాన్ని 95వ సెక్షన్ నిషేధించింది. 97వ సెక్షన్ ఏకాంతంగా బంధించడాన్ని వద్దంటుంది. కట్టి ఉంచడం తప్పనిసరైతే, అప్పటికప్పుడు జరగబోయే హానిని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, అదీ సైకియాట్రిస్టు అనుమతితోనే. ఎందుకు కట్టారో, ఎంతసేపు కట్టారో రాయాలి. రోగి నామినీకి, అంటే రోగి తరఫున మాట్లాడే మనిషికి, 24 గంటల్లో తెలపాలి. శిక్షగా కట్టకూడదు. సిబ్బంది తక్కువగా ఉన్నారన్నది కూడా సాకు కాకూడదని చట్టంలోనే ఉంది. ఆ ఒక్క ముక్క రాసినవాళ్లెవరో గానీ వార్డు లోపల తిరిగి చూసినట్టుంది. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న పూరిపాకల్లో గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మంటల్లో కాలిపోయారు. ఆ సంగతి తెలిసినవాళ్లకు ఈ సెక్షన్లు పొడి అక్షరాల్లా అనిపించవు.

మిగతా సగంలో నీతో ఏకీభవించను. అన్యాయం మీద వచ్చిన కోపమైనా సరే, ప్లేటు విసిరితే నష్టపోయేది విసిరినవాడే. విసిరిన విషయం రికార్డుకెక్కుతుంది, ఎందుకు విసిరాడన్నది ఎక్కదు. సెషన్లలో సగం పని ఫిర్యాదు చేయడం నేర్పడమే. ఎవరికి చెప్పాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి, రాసి ఇవ్వడమెలా. కింద ఎవరూ వినకపోతే, రోగుల ఫిర్యాదులు వినడానికి ఆ చట్టం కిందే ఉన్న మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి వెళ్లే హక్కుందని కూడా చెబుతాం. అది చెప్పకుండా ఉత్త ఊపిరి కసరత్తులు చేయించే సైకాలజిస్టు వార్డును నిశ్శబ్దంగా ఉంచడానికి పనిచేస్తున్నట్టే.

ఒప్పుకోలు గురించి అడిగింది గట్టి ప్రశ్న. ఆశతో రావడం సహజం, దాన్ని ఎవరూ ఆపలేరు. మా చేతిలో ఉన్నది మొదటి రోజే చెప్పెయ్యడం: ఇక్కడ నువ్వు చెప్పేవాటిలో ఏది నా దగ్గరే ఉంటుంది, ఏది కోర్టు రిపోర్టులోకి పోతుంది, రానంటే ఏమవుతుంది. ఎవరికైనా హాని చేస్తానంటే నేను దాచను అని కూడా. ఇది విన్నాక లేచి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. వెళ్లనిచ్చాం. వాళ్లలో కొందరు తర్వాత వాళ్లంతట వాళ్లే వచ్చారు, కొందరు రాలేదు. ఇక నటించేవాళ్ల సంగతంటావా, ఉంటారు. గదిలో బుద్ధిమంతుడు, వార్డులో వేరే మనిషి. అందుకే రోగి చెప్పే అంకెల మీదే ఆధారపడం. వార్డులో మూడు షిఫ్టుల నర్సులు నింపే పట్టికతో సరిచూస్తాం. రాత్రి షిఫ్టు నర్సును బోల్తా కొట్టించడం ఎవరి వల్లా కాదు.

ప్రశ్న: కర్నూలులో నర్సింగ్ చదువుతున్నాను. సైకియాట్రీ పోస్టింగులో ఒక పేషెంట్ నా మీదికి చెయ్యి ఎత్తాడు. బ్రదర్స్ వచ్చి పట్టుకున్నారు. అప్పటినుంచి వార్డులోకి వెళ్లాలంటే కాళ్లు వణుకుతున్నాయి. నేనేం చేసి ఉండాల్సింది?
– పేరు వద్దు

జవాబు: అమ్మాయీ, ముందు ఇన్‌చార్జి సిస్టర్‌కు చెప్పి ఆ సంఘటన రాతపూర్వకంగా నమోదు చేయించు. చిన్నదే కదా అని వదిలేస్తారు. ఆ చిన్నవే రాసి ఉంటే, ఏ వేళలో, ఏ పని దగ్గర గొడవలవుతున్నాయో తెలుస్తుంది. భోజనాల వేళ, మందుల వేళ, షిఫ్టు మారే వేళ – ఎక్కువగా అప్పుడే.

లోపలికి వెళ్లినప్పుడు తలుపు నీకు అందుబాటులో ఉండాలి, రోగికి కూడా దారి మూసెయ్యకూడదు. రెండు చేతుల దూరం. ఎదురెదురుగా కాకుండా కొంచెం పక్కకు తిరిగి నిలబడు. చేతులు కనిపించేలా ఉంచు, కట్టుకోకు. ఐడీ కార్డు తాడు మెడలో ఉంటే లాగితే ఊడొచ్చే రకం కావాలి. చున్నీ పిన్ను చేసుకో. ఎత్తిన చెయ్యిని అనునయంగా పట్టుకోబోవద్దు, ఆ క్షణంలో ఏ స్పర్శయినా దాడిలాగే తోస్తుంది. నలుగురూ ఒకేసారి మాట్లాడకూడదు. ఒక్కరే, తక్కువ గొంతుతో, చిన్న వాక్యాల్లో. ‘శాంతించు’ అనొద్దు. ఆ మాటతో శాంతించిన మనిషిని నేను చూడలేదు. ‘ఏం కావాలి?’ అని అడుగు. ఇవ్వలేనిదైతే ఇవ్వలేనని చెప్పి, ఇవ్వగలిగినవి రెండు చూపించు: ‘ఇక్కడ కూర్చుంటావా, వరండాలోకి వెళ్దామా?’ అబద్ధపు హామీ మాత్రం ఇవ్వకు. మర్నాడు దాని ఖరీదు ఇంకో సిస్టర్ కడుతుంది.

అలా చేసినా కొన్నిసార్లు చెయ్యి లేస్తుంది. అప్పుడు బయటికి వచ్చేసి మనుషుల్ని పిలవడమే. ధైర్యం చూపించే చోటు కాదది.

కాళ్ల వణుకు కొన్ని వారాల్లో తగ్గకపోయినా, ఆ దృశ్యం నిద్రలో వస్తున్నా టెలీమానస్ 14416కు చేసి మాట్లాడు. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ సేవ, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంకోటి. ఆ రోగి కుదుటపడ్డాక, సీనియర్ సిస్టర్ తోడుగా ఒకసారి వెళ్లి పలకరించు. వాళ్లలో చాలామందికి జరిగింది గుర్తుంటుంది, సిగ్గుగా ఉంటుంది.

ప్రశ్న: మన సీమ వాళ్లకు కోపం రక్తంలోనే ఉంటుందంటారు. అలాంటి చోట ఇలాంటి థెరపీలు పనిచేస్తాయా?
– కడప పాఠకుడు

జవాబు: రక్తపరీక్షలో అలాంటిదేదీ కనిపించదు నాయనా. సినిమాల్లో సుమోలు గాల్లోకి లేచినంత మాత్రాన మనమందరం కొడవళ్లతో పుట్టామని మనమే నమ్మడం మొదలుపెట్టాం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో కోపాన్ని మింగి మింగి కడుపులో మంట, తలనొప్పి తెచ్చుకున్నవాళ్లు, కొట్టేవాళ్లకంటే చాలా ఎక్కువ. వాన లేని ఏడాది, ఎండిన బోరు, తీరని అప్పు, తెగని గట్టు – వీటి మధ్య ఉన్న మనిషి ఏ జిల్లాలోనైనా ఇలాగే ఉంటాడు. ‘మా వంశమే అంత’ అని మీసం దువ్వే పేషెంటుకు నేను వేసే మొదటి ప్రశ్న ఒకటుంది: మీ వంశంలో కోపం వచ్చినా చెయ్యి ఎత్తనివాళ్లు ఎవరు? ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. సాధారణంగా అవ్వే.

ప్రశ్న: మా ఆయన ఆఫీసులో చాలా నెమ్మది, పై అధికారి తిట్టినా తల వంచుకుంటాడు. ఇంటికి వస్తే కూరలో ఉప్పు తక్కువైనా గిన్నెలు విసురుతాడు. రెండుసార్లు నన్ను కొట్టాడు. మీరు చెప్పే డైరీ పద్ధతి ఇంట్లో ఆయనతో నేనే చేయించవచ్చా?
– గుంతకల్లు గృహిణి

జవాబు: వద్దమ్మా. మీరు చేయించకండి. చెయ్యి ఎత్తేవాడికి ఆ చెయ్యి ఎవరి మీద లేస్తుందో ఆ మనిషే పాఠం చెప్పకూడదు. డైరీలో అంకె ఎక్కువ రాసినందుకు కూడా దెబ్బలు తిన్న ఇల్లాలు నాకు తెలుసు.

మీ ఉత్తరంలోనే అసలు విషయం ఉంది. పై అధికారి ముందు ఆయన కోపం అదుపులోనే ఉంటోంది. అంటే బ్రేకు బాగానే పనిచేస్తోంది, ఇంట్లో వెయ్యాలని అనుకోవడం లేదు. నేను పైన చెప్పిన రోగులు వేరు. అధికారి ఎదురుగా ఉన్నా, పోలీసు ఎదురుగా ఉన్నా ఆగలేనివాళ్లు వాళ్లు. మీ ఆయనకు ముందు కావాల్సింది ‘ఇంట్లో చెయ్యి ఎత్తితే చెల్లదు’ అని ఎవరో ఒకరు గట్టిగా చెప్పడం. ఆయన మాట వినే పెద్దమనిషి ఎవరైనా ఉంటే ఆయన చేత చెప్పించండి, అత్తగారైనా సరే. నేను ఏదైనా నేర్చుకుంటాను అని ఆయన తనంతట తాను అడిగితే సైకాలజిస్టు దగ్గరికి తానే రావాలి. మీరు చెయ్యి పట్టుకుని తీసుకురావద్దు. తాగుడు కూడా ఉంటే ముందు దానికి వైద్యం.

ఈలోగా మీ ఆధార్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు, కొంత డబ్బు, ఒక జత బట్టలు పుట్టింట్లోనో, నమ్మకమైన పక్కింట్లోనో ఉంచండి. గొడవ మొదలైతే వంటింట్లోకి వెళ్లకండి, అక్కడ కత్తులు, వేడి గిన్నెలు ఉంటాయి. వీధి తలుపు వైపు వెళ్లండి. మళ్లీ చెయ్యి లేస్తే మహిళా హెల్ప్‌లైన్ 181కి చేయండి, ప్రాణం మీదికి వస్తే 112కి. గృహహింస చట్టం 2005 నుంచి ఉంది. ఆ ఇంట్లోనే ఉండే హక్కు, ఆయన మీ దగ్గరికి రాకుండా ఉత్తర్వు, ఇవి అడగడానికి విడాకులు తీసుకోవాల్సిన పని లేదు. దెబ్బల మచ్చలుంటే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి కాగితం తీసుకోండి. ‘జారిపడ్డాను’ అని రాయించకండి.